తాబేలు బొమ్మా, కాటా సరుకా?

తుపిలిపాళెం తీరంలో ఏరిన చెత్తతో తిరుపతిలో ఒక బడి ఆవరణలో నాలుగడుగుల తాబేలు బొమ్మ కట్టాలన్నది మాట. కట్టి తీరాలంటాడు డ్రాయింగు అయ్యవారు. దండగంటాడు గుజరీ అంగడాయన.

అంగడాయన: అయ్యోరా, నీళ్ళ బాటిల్‌ని ఉన్నదున్నట్టు నాకిస్తే కాటాకెక్కుతుంది, బేలు కట్టి పంపితే దారమై తిరిగొస్తుంది. మీరు దానికి జిగురు పూసి, ఎనామిల్ రంగేసి, చెమ్కీలు చల్లినారంటే ఏ ఫ్యాక్టరీవాడూ ముట్టడు. అమ్ముడుపోయే సరుకును మీరే చెత్త చేస్తా ఉండారు.

అయ్యవారు: నిజమేన్నా. అందుకే ఈ బొమ్మలో ఒక్క బాటిల్ కూడా ఉండదు. మీ కాటా ఎక్కేది మీకే, ఎక్కనిది మాకు. తెగిన హవాయి చెప్పులు, లైటర్లు, టూత్ బ్రష్షులు, గుల్లలు పట్టిన వల బెండ్లు. ఇవి తెస్తే కొంటారా?

అంగడాయన: వల కొంటా. నైలాన్‌కు గిరాకీ ఉంది. శుభ్రంగా ఉంటే.

అయ్యవారు: శుభ్రంగా ఉంటే కదా! ఒడ్డుకు కొట్టుకొచ్చే వలలో ఇసుక, గుల్లలు, తాళ్ళు అన్నీ చిక్కుపడి ఉంటాయి. తొట్టి నీళ్ళలో వేస్తే నైలాన్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది. విడదీసిన నైలాన్ మీ అంగడికే పంపుతాం, సరేనా?

అంగడాయన: సముద్రం చెత్త ఇంత దూరం మోసుకురావడమెందుకు? ఈడ చెత్త చాలదా?

అయ్యవారు: 2022లో జిల్లాలు మారినాక ఆ తీరం కూడా మన జిల్లాదే. అయినా మనం స్వర్ణముఖిలో పారేసేది పోయి కలిసేది బంగాళాఖాతంలోనే కదన్నా. మన సరుకే మనం తెచ్చుకుంటున్నాం.

అంగడాయన: సరే, జిగురు లేకుండా ఎట్లా నిలబెడతారు?

అయ్యవారు: జిగురు పెట్టినా నిలవదు. మూతలు, తొట్టి ముక్కలు ఎక్కువగా పాలిథీన్, పాలీప్రొపిలీన్. వాటిమీద అరల్డైట్ లాంటి గట్టి జిగురు కూడా పట్టదు, ఆరినాక గోటితో లేపితే పెచ్చులా ఊడొస్తుంది. గ్లూ గన్నుతో అంటించింది మే నెల ఎండకు మెత్తబడి జారుతుంది. కాబట్టి రంధ్రమూ తీగే దిక్కు. ముందు సరుకును మంచినీళ్ళలో ఒక రోజు నానేసి, మూడుసార్లు నీళ్ళు మార్చాలి. ఎండినాక తెల్లగా పొడ కట్టిందంటే ఉప్పు ఇంకా పోలేదు, మళ్ళీ నానేయాల్సిందే. చాలామంది ఈడే తొందరపడతారు. మిగిలిన ఉప్పు గాలిలో తేమను లాక్కుని లోపలి ఇనుప చట్రాన్ని తినేస్తుంది, బొమ్మంతా తుప్పు కారుతుంది. తర్వాత గోటి పరీక్ష. గీకితే తెల్లపొడి రాలినా, వంచితే పుటుక్కుమన్నా ఆ ముక్క ఎండకు చచ్చినట్టే, దాన్ని వాడకూడదు. మిగిలినవాటికి అంచు నుంచి 10 మిల్లీమీటర్లు వదిలి, 3 మిల్లీమీటర్ల బిట్టుతో రెండు రంధ్రాలు. ఒకటే పెడితే ముక్క గాలికి గిరగిరా తిరిగి రాపిడికి తీగ తెగుతుంది. డ్రిల్లు నిదానంగా తిప్పాలి, వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది. కింద దుప్పటి పరిచి పొట్టంతా పట్టాలి, లేకుంటే తీరంలో ఏరిందాన్ని బడి మట్టిలో చల్లినట్టే. కట్టేది 1 మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ తీగ. చెప్పుల అడుగులు కోసి డిప్ప పెంకులు చేస్తాం. మనం కట్టేది ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు, దానికి పక్క పెంకులు రెండువైపులా ఒకే లెక్కలో ఉండాలని లేదు. పిల్లల చేతివంకరకు అది బాగా కలిసొస్తుంది లెండి.

అంగడాయన: లోపల చట్రం?

అయ్యవారు: 8 మిల్లీమీటర్ల కడ్డీ, ముప్పై మీటర్లు.

అంగడాయన: మీటరు నాలుగొందల గ్రాములు. పన్నెండు కిలోల కొత్త ఇనుము! మీ చెప్పులూ బ్రష్షులూ అంతా కలిపితే అంత తూగుతాయా?

(ఈ లెక్క అయ్యవారు వేసుకోలేదు.)

అయ్యవారు: ...మీ అంగట్లో పాత కడ్డీ ఉంటుంది కదా. తూకానికే ఇవ్వండి.

అంగడాయన: ఇస్తా. జీఐ పైపు, అదే జింకు పూతేసిన ఇనుప పైపు, మాత్రం అడగొద్దు. వెల్డింగు పెడితే జింకు పొగ లేస్తుంది. పీల్చినోళ్ళకు రాత్రికి చలిజ్వరమే.

అయ్యవారు: చండీగఢ్‌లో నేక్‌చంద్ పారేసిన వస్తువులతోనే రాక్ గార్డెన్ కట్టినాడు. 1976లో తెరిచినారు, జనం ఇప్పటికీ పోయి చూస్తా ఉండారు.

అంగడాయన: అవి పగిలిన గాజులు, పింగాణీ పెంకులు, రాళ్ళు. ఎండకు పింగాణీ పొడి అవుతుందా? మీ బెండ్లు అవుతాయి. సముద్రంలో ముక్కలయ్యేది బడిలో ముక్కలవుతుంది, అంతే తేడా. చవితికి బాటిళ్ళతో పదడుగుల వినాయకుణ్ణి పెడతారే, అదీ ఇంతే. వినాయకసాగర్ చెరువులో ముంచలేరు, విప్పి తెస్తే నేను కొనలేను.

అయ్యవారు: ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కన్నా మేలే కదా? అది నీళ్ళలో కరగదు.

అంగడాయన: మట్టితో చేస్తే ఏం పోయె?

అయ్యవారు: మట్టితో చేసి దానికి ఆయిల్ పెయింటు పూస్తారు మీ వీధిలో.

అంగడాయన: మా వీధి మాటెందుకయ్యా మధ్యలో? పసుపూ కుంకమా తప్ప ఏం పూస్తారు?

అయ్యవారు: పోనీండన్నా, వినాయకుణ్ణి వదిలేద్దాం. ఎండ మాట ఒప్పుకుంటా. ఆరుబయట పెట్టం, వరండాలో ఉత్తరం వైపు పెడతాం. రెండేళ్ళకు విప్పేస్తాం. తీగ తెంపితే చాలు, చట్రం మీకు తిరిగొస్తుంది.

అంగడాయన: బొమ్మ చూసి ఎవడన్నా కవరు పారేయడం మానుకుంటాడా?

అయ్యవారు: చూసినోడి సంగతి నేను చెప్పలేను. కానీ తొట్టిలో ఏది తేలింది, ఏది మునిగింది, మీరు ఏది కొన్నారు, ఏది వెనక్కి పంపినారు అని మూడొందల ముక్కలు ఏరి చూసిన పిల్లోడికి చెప్పుకూ బాటిల్‌కూ తేడా తెలుస్తుంది. ఆ తేడా పుస్తకంలో బొమ్మ గీసి చెప్పలేకపోతా ఉండా.

అంగడాయన: అట్లయితే ఒకటి చేయండి. కట్టేముందు ముక్కలన్నీ నా కాటా మీద పెట్టి అంకె రాసుకోండి. రెండేళ్ళకు విప్పి మళ్ళీ పెట్టండి. తగ్గినంత మీ వరండా గాల్లో కలిసినట్టే.

అయ్యవారు: దుమ్ము పట్టి బరువు పెరుగుతుంది కదన్నా. కడిగి ఆరబెట్టి తూయాల.

అంగడాయన: కడిగిన నీళ్ళు గుడ్డలో వడకట్టండి. గుడ్డలో మిగిలింది ఆరినాక అదీ కాటాకెక్కాల.