నా డార్క్‌రూమ్ చిత్రగుప్తుడికి

డార్క్‌రూమ్ నోటుబుక్కు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ, అంటే ఫొటోలు కడిగే ఆ చీకటిగదిలో, డెవలపర్ మందు ట్రేకి జానెడు దూరంలో, తమరు తడవకుండా ఉన్నారని తలుస్తాను.

విషయానికొస్తాను. వానలో గొడుగు పట్టుకున్న ముసలాయన ఫొటో తమరికి గుర్తుండే ఉంటుంది. దానికోసం ఒక రాత్రంతా పోయింది, పదకొండు కాగితాలు పోయాయి, పన్నెండోది కుదిరింది. మొన్న ఒక స్నేహితుడు అలాంటిదే తనకూ ఒకటి కావాలన్నాడు. "దానికేం, అంతా రాసి పెట్టుకున్నా" అని గొప్పగా చెప్పి తమరిని తెరిచాను. ఆ ప్రింటు గురించి తమరి దగ్గరున్నది ఇంతే: "12 సెకన్లు. సూపర్!!"

కాగితం మీద వెలుగు పడింది పన్నెండు సెకన్లు, సరే, లెన్సు కన్ను ఎంత తెరిచి ఉంది? ఎఫ్ 8లోనా, ఎఫ్ 11లోనా? 8లో లెన్సు 11కి రెట్టింపు వెలుగు వదులుతుంది. కాబట్టి ఆ పన్నెండు 11లో అయితే, 8లో ఆరు సెకన్లకే అంత నలుపు వచ్చేస్తుంది. నెగెటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ తల ఎంత ఎత్తులో ఉంది? ఇది చిన్న విషయం కాదండీ. 8×10 అంగుళాల ప్రింటుని 16×20 చేయాలంటే తల పైకి లేపాలి. అప్పుడు అదే వెలుగు నాలుగింతల చోటు మీద పరుచుకుంటుంది, టైము కూడా దాదాపు నాలుగింతలు కావాలి. నలుపు తెలుపుల తేడా పెంచి తగ్గించే కాంట్రాస్ట్ ఫిల్టర్ నంబరు రెండా, మూడున్నరా? కాగితం ఏ డబ్బాలోది? ఇన్ని అడిగితే తమరి జవాబు, రెండు ఆశ్చర్యార్థకాలు.

పోనీ తమరికి రాయడమే రాదా అంటే, అదీ కాదు. చెడిపోయిన పదకొండింటి గురించీ ఎంత వివరం! ఒక ముక్క కాగితం మీద వేర్వేరు టైములు పరీక్షించే టెస్ట్ స్ట్రిప్ దగ్గర్నుంచీ. "టెస్ట్ స్ట్రిప్ 5, 10, 15, 20, 25. ఎఫ్ 8. ఫిల్టర్ 2. డెవలపర్ 20 డిగ్రీలు, 90 సెకన్లు. మొహం బూడిద." ఆ కింద, "ఫిల్టర్ 3. మొహం పర్లేదు, గొడుగు మసి." పదకొండోది ఎఫ్ 8లో 30 సెకన్లు. పన్నెండోది 12. మధ్యలో ఏం జరిగింది? లెన్సు తెరిచానా, ఫిల్టర్ మార్చానా, రెండూనా? ఆ ఒక్క ముక్కే లేదు. పాపాలన్నీ తేదీ వారీగా రాసి, పుణ్యం దగ్గరికి రాగానే కలం మూసేశారు. అందుకే తమరిని చిత్రగుప్తుడు అంటున్నాను. చిత్రం నా దగ్గరుంది, మిగతాదంతా గుప్తం.

కలం నీ చేతిలోనే ఉంది కదా అంటారేమో. ఉంది. ఆ కలం సంగతి కూడా చెప్పుకుందాం. ఒకరోజు చేతికి ఎర్ర సిరా పెన్ను దొరికింది. ఫొటో కాగితాన్ని పాడుచేయని ఎర్రటి సేఫ్‌లైట్ కింద తెల్ల కాగితం ఎర్రగానే కనిపిస్తుంది, ఎర్ర సిరా అందులో కలిసిపోతుంది. ఆ ఇంగితం నాకు అప్పుడు లేదు. పెన్ను అయిపోయిందనుకుని అదే చోట మూడుసార్లు గట్టిగా నొక్కి రాశాను. లైటు వేశాక చూస్తే మూడు వాక్యాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఇంకో పేజీలో డెవలపర్ తడి ఆరని నా బొటనవేలు. ఆ తడి గాలికి గోధుమరంగు తిరిగింది, దాని కింద ఉన్నది 13నో 18నో నాకిప్పటికీ తెలియదు.

ఇక బొమ్మలు. మాగ్నమ్ అనే ఫొటోగ్రాఫర్ల ఏజెన్సీకి ప్రింట్లు వేసిన పాబ్లో ఇనీరియో గుర్తులు పెట్టుకున్న ఫొటోలు చూశాను. మొహం మీద, ఆకాశం మీద, కోటు మడతల మీద అన్నిచోట్లా గీతలు, సున్నాలు, అంకెలు. ఎక్కడ ఎన్ని సెకన్లు వెలుగు పడకుండా నీడ పట్టాలో, ఎక్కడ ఎన్ని సెకన్లు అదనంగా వెలుగుతో కాల్చాలో అందులో కనిపిస్తుంది. అది చూసి ఉత్సాహపడి తమరిలో నేనూ ఒకటి గీశాను. బంగాళాదుంప లాంటిది ఒకటి, పక్కన "+4". అది ముసలాయన తలో, గొడుగో, మబ్బో తమరైనా చెప్పగలరా?

ఈ పాపంలో నేను ఒంటరిని కాననుకోండి. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అంతటివాడు న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రుడు లేచిన ఫొటో తీసి, తేదీ రాసుకోలేదు. ఏ సంవత్సరమంటే ఆయనే ఒక్కోసారి ఒక్కోటి చెప్పాడు. చివరికి ఖగోళ లెక్కలు వేసేవాళ్ళు ఫొటోలోని చంద్రుణ్ణి సాక్షిగా పిలవాల్సొచ్చింది. మొదట 1941 అక్టోబరు 31 అన్నారు. 1991లో డెన్నిస్ డి చికో ఆ లెక్క సరిదిద్ది నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాలు అని తేల్చాడు. నా గొడుగు ఫొటోలో సాక్ష్యానికి చంద్రుడు కూడా లేడు. తమరేమో ఆ పేజీ నెత్తిన "అన్నీ నిన్నటిలాగే" అని రాసి ఉంచారు. ఏ నిన్న?

ఆ "సూపర్" మీద కూడా నాకు అనుమానం ఉంది. అది తడి ప్రింటు చూసి రాసింది. ఫైబర్ కాగితం ఆరాక కాస్త నల్లబడుతుంది, తడిలో తళుక్కుమన్న తెలుపు పొద్దుటికి డల్ అవుతుంది. తమరికి పొద్దున అనేది తెలియదు. ఎప్పుడూ అర్ధరాత్రి రెండింటి దగ్గరే ఆగిపోతారు, మురిసిపోతూ.

సరే, అయిందేదో అయింది. మొన్న రాత్రి మళ్ళీ మొదటి టెస్ట్ స్ట్రిప్ నుంచి మొదలుపెట్టాను. ఏడో కాగితానికి గొడుగు కుదిరింది. ఈసారి తమరిని నమ్మలేదు. లెన్సు, ఎత్తు, ఫిల్టర్, కాగితం డబ్బా, ఎక్కడ ఎన్ని సెకన్లు కాల్చానో అన్నీ, ఆరాక ఎంత నల్లబడిందో అదీ, పెన్సిల్‌తో ప్రింటు వెనకే రాశాను. ఇంత శుభ్రంగా నేనెప్పుడూ రాయలేదు.

నిన్న ఆ స్నేహితుడు వచ్చి ప్రింటు పట్టుకెళ్ళాడు. ఫ్రేము కూడా కట్టించేశాడట. వెనక అట్ట, మేకులు, అన్నీ. విప్పి చూపించమని అడగడానికి మొహం చాలడం లేదు.

ఇట్లు,
తమ విధేయుడు

తేదీ: నిన్నటి మర్నాడు