గూఢార్థం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గూఢార్థం గారికి, అమలాపురం నుంచి తమ పాత భక్తుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపములు.

తమరు క్షేమమని తలుస్తాను. అమెరికా దర్శకుడు డేవిడ్ లించ్ 1977లో లోకం మీదికి వదిలిన 'ఇరేజర్‌హెడ్' అనే నలుపు తెలుపు చిత్రం ఒక్కటి ఉంటే చాలు, తమరు తరతరాలు కూర్చుని తినవచ్చు. తాను తీసినవాటిలో అన్నిటికన్నా ఆధ్యాత్మికమైన చిత్రం అదేనని ఆయన ఒక ముక్క అన్నారు. ఎలాగో వివరించండి అంటే వివరించనన్నారు. అందులోని వింత బిడ్డ బొమ్మను దేనితో చేశారో కూడా చెప్పకుండానే 2025 జనవరిలో కన్నుమూశారు. దాంతో ఆస్తి యావత్తూ తమ పేరనే ఉండిపోయింది.

తమ కొలువులో నేను చేరింది ఆ చిత్రాన్ని మిత్రులకు చూపించిన రాత్రి. మా ఇంటి వెనుక బియ్యం మిల్లు ఆడుతోంది. శబ్దాల నిపుణుడు అలన్ స్ప్లెట్‌తో కలిసి లించ్ కూర్చిన యంత్రాల హోరు ఎక్కడ ఆగి మా మిల్లు హోరు ఎక్కడ అందుకుంటోందో పోల్చుకోలేకపోయాము. కథ ఎంతోసేపు చెప్పేది కాదు. హెన్రీ అనే అచ్చుపనివాడు మేరీ ఇంటికి భోజనానికి వెళతాడు. బిడ్డ పుట్టిందనీ, ఇక పెళ్లి తప్పదనీ అక్కడ తెలుస్తుంది. ఆ బిడ్డ చూడబోతే బిడ్డలా ఉండదు. దాని ఏడుపు భరించలేక మేరీ ఒక రాత్రి పెట్టె లాక్కుని పుట్టింటికి పోతుంది. గదిలో హెన్రీ, అదీ మిగులుతారు.

భోజనాల దగ్గర పిడికిలికన్నా చిన్న కోడికి కత్తి తగలగానే అది కాళ్లాడిస్తూ నల్లటి ద్రవం కక్కుతుంది. అది పురుషుడిలో దాగిన భయమని నేను గంభీరంగా సెలవిస్తుండగా, అనపర్తి వైపు కోళ్ల ఫారం నడిపే మిత్రుడు అడ్డుతగిలి, నెలైనా నిండని పిల్లను కోస్తే ఏం తింటారండీ, పైగా ఉడకనే లేదు అన్నాడు. గదిని వెచ్చబెట్టే రేడియేటర్‌లో నిలబడి పాడే బుగ్గల అమ్మాయి దగ్గర మరో చిక్కు వచ్చింది. మా వైపు రేడియేటర్ అంటే లారీకి ఉండేదే కనుక, అందులో మనిషెలా పట్టిందన్న చర్చకే పావుగంట పోయింది. నేను చలించలేదు. పారిశ్రామిక నాగరికత అన్నాను, ఫ్రాయిడ్ అన్నాను, లించ్ ఫిలడెల్ఫియాలో గడిపిన రోజులన్నాను. ఇరవై రెండేళ్లకే ఆయన తండ్రి అయ్యారనీ, కూతురు వంకర పాదాలతో పుట్టిందనీ ఎవరో గుర్తు చేస్తే, అది మరీ పైపై అర్థమని కొట్టిపారేశాను. (ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.)

అంతలో మా అమ్మ మజ్జిగ గ్లాసులతో లోపలికి వచ్చింది. తెర మీద బిడ్డకు ఒళ్లంతా పొక్కులు, ఊపిరి గురగుర. పొత్తిళ్ల పక్కన ఆవిరి పట్టి, హెన్రీ ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఎవరూ ఎత్తుకోరేంట్రా దాన్ని?" అంది.

"అమ్మా, అది బిడ్డ కాదు, ప్రతీక."

"ప్రతీకైతే మాత్రం, ఏడుస్తుంది కదరా."

దిష్టి కూడా తీసినట్టు లేరని గొణుక్కుంటూ వెళ్లిపోయింది. తమ శాస్త్రంలో ఇంతకు మించిన వ్యాఖ్యానం ఉంటే దయచేసి తెలియజేయవలసింది.

అయినా మా గోదావరి డెల్టాలో తమ సేవకు సినిమాలే అక్కర్లేదు. పెళ్లయిన మూడో నెల నుంచి కాలువగట్టు మీద ఎదురైన ప్రతి పెద్దమనిషీ "ఏవండీ, విశేషమేమైనా ఉందాండీ?" అని నన్ను అడుగుతూనే ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులు దాటిందండి, మొదటి హెచ్చరిక ఇచ్చారండి అని చెప్పి తప్పించుకునేవాణ్ణి. హెన్రీ అత్తగారు అతణ్ణి మూలకు లాగి అడగదలచినది మొహం మీదే అడిగేసింది. మా అత్తగారు సంక్రాంతికి విస్తట్లో నాలుగో పూతరేకు వేస్తూ, పక్కింటి వాళ్ల మనవడికి పళ్లొచ్చాయని మాత్రమే అన్నారు. ఈ రెండిటిలో ఏది అధివాస్తవికమో తమరే తేల్చాలి.

ఇక అసలు సంగతి. ఆ చిత్రంలో నన్ను ఈనాటికీ వదలనిది కోడీ కాదు, రేడియేటర్ అమ్మాయీ కాదు. హెన్రీ బయటికి పోదామని తలుపు తీస్తాడు, బిడ్డ ఏడుస్తుంది, తలుపు వేస్తాడు. మళ్లీ తీస్తాడు, మళ్లీ ఏడుస్తుంది. ఇందులో దాచిందేమీ లేదు. తండ్రి కావడానికి ఒక మగవాడు భయపడుతున్నాడు, ఆ భయం ప్రేమలోకి మారడం లేదు, అంతే. ఈ మాట నలుగురిలో అనలేక మేము తమరిని మేపుతున్నాము. గూఢమైనదాన్ని బయటపెట్టడం తమ వృత్తి అనుకుంటారు కానీ, బట్టబయలుగా ఉన్నదాన్ని కప్పిపెట్టడంలోనే తమ నేర్పు ఎక్కువ. ఆ రాత్రి రెండు గంటలసేపు నేను చేసిన ఉపన్యాసమంతా ఆ కప్పిపుచ్చుడేనని, మజ్జిగ గ్లాసులు తీయడానికి వచ్చిన నా భార్యకు తెలిసే ఉంటుంది. ఆమె ఏమీ అనలేదు.

గత నెల ఒక పొద్దున ఆమె పెరటి గుమ్మంలో నిలబడి "విశేషం" అంది. పదిమందికి పది అర్థాలు చెప్పిన నేను, వరద వస్తోందా అని అడిగాను. ఆమె నవ్వలేదు. అప్పుడు కాస్త తేరుకుని, ఈ ఏడాది ఆఫీసులో సెలవు దొరకడం కష్టమేమో అన్నాను. ఏం చేస్తుంటావని అత్తవారింట అడిగినప్పుడు హెన్రీ కూడా మొదట సెలవులో ఉన్నాననే అంటాడు. తమరికి గుర్తుండే ఉంటుంది.

కనుక నా విన్నపమేమంటే, కొన్నాళ్లపాటు తమరు మా ఇంటికి దయచేయవద్దు. రాత్రిళ్లు ఏడుపు వినిపిస్తే దానికి అర్థమేమిటని నన్ను నిద్ర లేపవద్దు. ఆకలా, కడుపునొప్పా, పక్క తడిసిందా అన్నది అమ్మను అడిగి తెలుసుకుంటాను. పాత చీరలు ఉతికి ఆరేసి, పొత్తిళ్లకని ఆవిడ ఇప్పటికే చింపడం మొదలుపెట్టింది.

చిత్తగించవలెను.