తొమ్మిది మంది లెక్క

2014 సెప్టెంబరు 25. ఐఫోన్ 6, 6 ప్లస్ మార్కెట్‌లోకి వచ్చి అప్పటికి ఆరు రోజులు. పెద్ద ఫోను జేబులోనే వంగిపోతోందని ప్రపంచమంతా గోల. 6 ప్లస్‌ను చేతులతో వంచి చూపించిన ఒక వీడియోను కోట్ల సార్లు చూశారు. దానికి యాపిల్ ఆ రోజు ఇచ్చిన జవాబు చాలా పొట్టిది. 6 ప్లస్ వంగిందని తమను సంప్రదించినవాళ్లు మొత్తం తొమ్మిది మంది, మామూలు వాడకంలో ఫోను వంగడం చాలా అరుదు అని. మొదటి మూడు రోజుల్లోనే రెండు మోడళ్లూ కలిపి కోటి అమ్ముడుపోయాయి. కోటి ఎక్కడ, తొమ్మిది ఎక్కడ! గొడవ చల్లారడానికి ఆ ఒక్క అంకె చాలా వరకు సరిపోయింది.

ఇన్నేళ్ల తర్వాత ఆ సంగతి ఎత్తుతున్నామంటే కారణం ఉంది. ఏ ఫోను గురించి ఏ ఫిర్యాదు వచ్చినా ఇప్పటికీ వాదన అదే దారిలో నడుస్తోంది. మొన్నటికి మొన్న మన దేశంలో ఫోను తెరల మీద ఆకుపచ్చ గీత పడుతోందని ఎంతమంది మొత్తుకున్నారో చూశాం. "మూడేళ్లుగా అదే ఫోను వాడుతున్నా, నాకేం రాలేదే" అని ఒకరంటారు. "మా ఇంట్లో రెండు ఫోన్లు అలాగే పోయాయి" అని ఇంకొకరంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. కానీ ఆ రెండు నిజాలను పక్కపక్కన పెట్టినా లోపం ఎంతమందికి ఉందో తేలదు. వన్‌ప్లస్ మన దేశంలో ఈ గీత సమస్యకు జీవితకాల వారంటీ ప్రకటించింది, అది మంచి పనే. కానీ కొత్తగా ఫోను కొనే మనిషి తన తెరకు ఆ గతి పట్టే అవకాశం ఎంతో ఎవర్ని అడిగి తెలుసుకోవాలి?

ఫిర్యాదుల సంఖ్యతో లోపాన్ని కొలవడం పొరపాటని మా అభిప్రాయం. ఆరు రోజుల్లో వచ్చిన ఫిర్యాదులు ఆరు రోజుల వాడకం గురించే చెబుతాయి. ఫోను అంత తొందరగా పోయేది కాదు. వెనక జేబులో పెట్టుకుని బండి మీద తిరిగితే, బస్సులో కూర్చుని లేస్తే, నెలల తరబడి ఆ ఒత్తిడి పేరుకుంటుంది. పైగా వంగిన ఫోను చేతిలో ఉన్న మనిషి ముందు తననే తిట్టుకుంటాడు. ఇంట్లోవాళ్లు ఇంకా తిడతారు. కంపెనీకి ఫోన్ చేసి చెప్పేవాళ్లు కొందరే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లయితే బిల్లు కూడా ఉండదు, వాళ్లు ఏ లెక్కలోకీ రారు. మరోవైపు, వీడియోలో బలమంతా పెట్టి వంచిన ఫోను కూడా మామూలు వాడకానికి సాక్ష్యం కాదు. ఆ సంగతి ఒప్పుకోవాల్సిందే.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలంటారు. ఈ వాదన మొత్తానికి అంతకంటే మంచి కొలబద్ద లేదు. అయితే ఆ మాట ఎప్పుడు చెల్లుతుంది? ఒకే కుండ, ఒకే నీళ్లు, ఒకే మంట అయినప్పుడు. లోపం డిజైన్‌లోనే ఉంటే ప్రతి ఫోనూ ఆ కుండలో మెతుకే. ఒక్కదాన్ని సరిగా పరీక్షిస్తే మిగతా కోటి సంగతీ తెలిసిపోతుంది. లోపం ఏదో ఒక బ్యాచ్‌లో, ఒక సరఫరాదారు దగ్గర వచ్చిందైతే మాత్రం మెతుకు చాలదు, లెక్కపెట్టాల్సిందే. ఫోను ఎందుకు పాడవుతోందో చూడకుండా ఎన్ని పాడయ్యాయని కొట్లాడటం అందుకే దండగ.

వస్తువులను పరీక్షించి చెప్పే అమెరికా సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ 2014లో ఆ మెతుకు పట్టుకుని చూసింది. ఫోనును రెండు చివర్లా ఆనించి, మధ్యలో బరువు పెంచుతూ పోయింది. 6 ప్లస్ 90 పౌండ్ల దగ్గర, అంటే దాదాపు 41 కిలోల దగ్గర, వంపు తిరిగింది. చిన్నదైన ఐఫోన్ 6 అంతకంటే ముందే, 70 పౌండ్లకే వంగింది. హెచ్‌టీసీ వన్ ఎం8 కూడా 70కే. పాత ఐఫోన్ 5 మాత్రం 130 దాకా, శాంసంగ్ నోట్ 3 ఏకంగా 150 దాకా నిలిచాయి. కాబట్టి జేబులో పెట్టగానే వంగే ఫోను కాదు, వీడియోలు చూపించినంత ఘోరం లేదు. కానీ అంతకుముందు వచ్చిన ఐఫోను కంటే బలహీనమైనదన్నది కూడా అంతే స్పష్టం. ఏడు మిల్లీమీటర్ల మందానికి చేరాలన్న పోటీలో బలం తగ్గింది.

ఈ సంగతి కంపెనీకి తెలియదా? తెలుసు. కొన్నవాళ్లు యాపిల్ మీద వేసిన కేసులో, 2018లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు జడ్జి లూసీ కో ఉత్తర్వు ద్వారా యాపిల్ సొంత పరీక్షల ఫలితాలు బయటికొచ్చాయి. ఐఫోన్ 5ఎస్‌తో పోలిస్తే ఐఫోన్ 6 వంగే అవకాశం 3.3 రెట్లు, 6 ప్లస్‌కు 7.2 రెట్లు. ఫోను విడుదలకు ముందే కంపెనీ గుర్తించిన విషయం ఇది. జనానికి తొమ్మిది అన్న అంకె చెప్పిన రోజున, లోపల 7.2 అన్న అంకె ఉంది. మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది ఇదే. తొమ్మిది అబద్ధం కాకపోవచ్చు. కానీ కొనేవాడికి పనికొచ్చే అంకె అది కాదు.

అసలు నష్టం కంటికి కనిపించే వంపులో లేదు. ఫోను కొద్దికొద్దిగా ఒంగి మళ్లీ లేస్తుంటే లోపలి బోర్డు మీద టచ్ చిప్‌లను పట్టి ఉంచే టంకం పగుళ్లు తీసింది. తెర పైభాగంలో బూడిద రంగు పట్టీ మినుకుమినుకుమనడం, తర్వాత టచ్ పనిచేయకపోవడం. ఫోన్లను విప్పి రిపేరు ఎలా చేయాలో చెప్పే ఐఫిక్సిట్ సంస్థ 2016 ఆగస్టులో దీన్ని బయటపెట్టింది. చూడటానికి నిటారుగానే ఉన్న ఫోను కాబట్టి వంగిన ఫోన్ల లెక్కలో ఇది ఎప్పుడూ పడలేదు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లాంటి చోట్ల బోర్డు పని చేసే కుర్రాళ్లకు టచ్ ఐసీ (టచ్ చిప్), రీబాలింగ్ (చిప్ కింద టంకం మళ్లీ వేయడం) అన్న మాటలు కొత్తవి కావు. అదే ఏడాది నవంబరులో యాపిల్ 149 డాలర్లకు రిపేరు చేస్తామంది. ఫోను గట్టి నేల మీద పలుమార్లు పడటం, ఆపైన ఒత్తిడికి గురికావడమే కారణమని చెప్పింది. తెర పగిలి ఉంటే ఆ అవకాశమూ లేదు. అప్పటికే, 2016 మేలో, కొత్తగా తయారయ్యే బోర్డుల్లో ఆ చిప్‌ల కింద బలం కోసం జిగురు పూరణ మొదలుపెట్టింది. కొత్త ఫోన్లలో సరిచేసినప్పుడే, 62,500 రూపాయల నుంచి మొదలయ్యే ధర పెట్టి 2014లో ఇక్కడ కొన్న మనిషికి కూడా ఆ మాట చెప్పి ఉండాల్సింది.

శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 వ్యవహారం దీనికి పూర్తిగా వేరు. 2016 సెప్టెంబరు 2న ఆ కంపెనీ 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచింది. అప్పటికి లెక్కకొచ్చిన కేసులు 35 మాత్రమే. మంటలంటుకునే బ్యాటరీ విషయంలో 35 తక్కువా ఎక్కువా అని ఎవరూ వాదించలేదు, వాదించకూడదు. వాటికి బదులుగా ఇచ్చిన ఫోన్లు కూడా కాలడంతో అక్టోబరులో తయారీయే ఆపేశారు. ప్రాణం మీదికొచ్చే లోపానికి చిన్న అంకె చాలు. డబ్బు మీదికొచ్చే లోపానికి మాత్రం ఎంత పెద్ద అంకె చూపించినా చాలడం లేదు.

మన దగ్గర చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు దర్యాప్తు చేసే అధికారం ఇచ్చింది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి పిలిపించే అధికారమూ ఇచ్చింది. 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. వాటిని మోడల్ వారీగా ప్రజల ముందు పెట్టాలని మేము కోరుతున్నాం. ఒకే మోడల్‌పై ఒకే రకం ఫిర్యాదులు వరసగా వస్తే, ఆ కంపెనీ విడుదలకు ముందు చేసిన పరీక్షల ఫలితాలు తెప్పించుకుని చూడాలి. అవి ఎలాగూ కంపెనీ దగ్గర ఉంటాయి. కోర్టులో ఏళ్ల తరబడి నలిగితే తప్ప బయటికి రాని పరిస్థితి మారాలి.

ఫోన్లకు రిపేరు సౌలభ్య సూచీ ఇవ్వాలన్న ఆలోచన కేంద్రం దగ్గర ఉంది. దానిపై కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత సులువు, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి అన్నవి అందులో ఉన్నాయి. సంతోషమే. దానికి మన్నిక కూడా తోడవ్వాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే కొత్త మోడళ్లకు ఒక లేబుల్ తప్పనిసరి. పదేపదే కింద పడితే ఫోను ఎంత తట్టుకుంటుందో దానిమీద A నుంచి E దాకా ఒక ఇంగ్లిషు అక్షరంలో ఉంటుంది. బ్యాటరీ ఎన్ని ఛార్జింగుల దాకా ఆగుతుందో కూడా ఉంటుంది. బెర్లిన్‌లో ఆ లేబుల్‌తో అమ్ముతున్న ఫోన్లలో చాలావాటిని అవే కంపెనీలు విజయవాడలోనూ, వరంగల్‌లోనూ అమ్ముతున్నాయి. పరీక్షలు అయిపోయాయి, ఫలితాలు ఉన్నాయి. ఆ అక్షరాన్ని ఇక్కడి పెట్టె మీద కూడా ముద్రించమని వచ్చే పండగ అమ్మకాల లోపే కేంద్రం ఆదేశించవచ్చు.