టవర్లు సరే, వాటి మీది తీగల సంగతేంటి?

సోలార్ పార్కు పెడుతున్నామంటే శంకుస్థాపనకు నాయకులు పోటీ పడతారు. ఆ కరెంటును మోసుకెళ్లాల్సిన హైటెన్షన్ లైను మాత్రం ఎవరికీ పట్టదు. ప్రపంచవ్యాప్తంగా సన్నాహాలు బాగా ముందుకెళ్లిన 1,500 గిగావాట్ల సౌర, పవన తదితర ప్రాజెక్టులు గ్రిడ్ కనెక్షన్ కోసం క్యూలో ఉన్నాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లోనే చెప్పింది. సోలార్ ప్లాంటు కొన్నేళ్లలో లేస్తుంది, పెద్ద లైనుకు పదిహేనేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

జర్మనీనే చూడండి. ఉత్తరాది గాలి కరెంటును దక్షిణాదికి చేర్చే సుమారు 700 కిలోమీటర్ల సూడ్‌లింక్ అనే లైను 2022కే పూర్తి కావాలి. మా ఊళ్లో టవర్లు వద్దని జనం అడ్డం తిరిగారు, 2015లో చట్టం మార్చి కేబుల్‌ను భూమిలో వేయాలన్నారు, దాంతో ప్లానింగ్ అంతా మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు 2028 అంటున్నారు.

కొత్త లైన్లు వద్దనడం లేదు. అవి వచ్చేదాకా ఉన్న టవర్లతో ఏం చేయొచ్చో చూడమంటున్నాను. తీగలో కరెంటు పెరిగితే అది వేడెక్కి సాగుతుంది, కిందికి వేలాడుతుంది, నేలకు మరీ దగ్గరైతే ప్రమాదం కాబట్టి ఎంత లోడ్ ఇవ్వాలో పరిమితి పెడతారు. మధ్యలో ఉక్కు కోర్ ఉన్న పాత కండక్టర్ (కరెంటు మోసే తీగ) దించేసి కార్బన్ ఫైబర్ కోర్ ఉన్నది ఎక్కిస్తే అంతగా సాగదు, అవే టవర్ల మీద దాదాపు రెట్టింపు కరెంటు పంపొచ్చు, సాధారణంగా కొత్తగా భూసేకరణ గొడవ కూడా ఉండదు. అన్నిచోట్లా ఇది పనిచేయదు, నిజమే. వందల కిలోమీటర్ల లైన్లలో అడ్డంకి వేడి కాదు, వోల్టేజీని, గ్రిడ్ స్థిరత్వాన్ని నిలబెట్టడం. అయినా చిన్న లైన్లకు దీన్ని ముందు పరిశీలించకపోవడం నాకైతే బద్ధకంలాగే కనిపిస్తుంది.

ఉన్న పరికరాలను చూసుకోవడంలోనూ ఇదే బద్ధకం. 2025 మార్చిలో లండన్ హీత్రూ విమానాశ్రయం దాదాపు రోజంతా మూతపడింది. దగ్గర్లోని సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్ (తీగను ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి చేర్చే ఇన్సులేటర్) పాడై మంటలు లేచాయి. అందులో తేమ చేరిందని 2018లోనే ఆయిల్ శాంపిల్ చెప్పింది, మార్చాల్సినవాళ్లు మార్చలేదు.

ఆ మరుసటి నెల 28న స్పెయిన్, పోర్చుగల్ దాదాపు మొత్తం చీకటైపోయాయి. సౌర విద్యుత్తు వల్లే అని కొందరు వెంటనే తీర్పు చెప్పేశారు. జరిగింది వేరు: వోల్టేజీ అదుపు తప్పి పెరిగింది, ప్లాంట్లు ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అయ్యాయి (గ్రిడ్ నుంచి వాటంతటవే విడిపోయాయి), పెరిగిన వోల్టేజీని దించే బాధ్యత అప్పటి నిబంధనల్లో చాలా సోలార్, విండ్ ప్లాంట్లకు ఇవ్వనే లేదు. స్పెయిన్ గ్రిడ్‌ను ఫ్రాన్స్‌తో కలిపే లింకులు అంతంతమాత్రం. అవీ, మొరాకో లింకూ ఉండబట్టే తిరిగి కరెంటు రావడం కాస్త తేలికైంది. గ్రిడ్లను కలపడం ఎంత ముఖ్యమో, కలిపిన ప్రతి ప్లాంటుకూ డ్యూటీ అప్పగించడమూ అంతే ముఖ్యం.

ఇవన్నీ ఇంజనీర్లకు తెలియనివి కావు. చిక్కు లెక్కల్లో ఉంది. చాలా దేశాల్లో ట్రాన్స్‌మిషన్ కంపెనీకి పెట్టిన పెట్టుబడి మీద రాబడి ఇస్తారు, ఎంత ఖర్చు పెడితే అంత లాభం. తీగ మార్చి, దాని వేడిని కొలిచే సెన్సర్లు బిగించి పదో వంతు ఖర్చుతో పని కానిస్తే కంపెనీకి మిగిలేదీ పదో వంతే. అలాంటప్పుడు కొత్త టవర్లే అడుగుతుంది మరి. మిగిల్చిన డబ్బులో కంపెనీకీ వాటా ఇచ్చేలా రెగ్యులేటర్లు (ఈ రాబడిని నిర్ణయించే సంస్థలు) టారిఫ్ నిబంధనలు మార్చాలి, పాత బుషింగ్ మార్చనందుకు జరిమానా కూడా అందులోనే రాయాలి.