నిప్పట్ల డబ్బాకు సంజాయిషీ నోటీసు

శ్రీయుత స్టీలు డబ్బా గారికి,
రెండో గూడు, పప్పు డబ్బాల వెనక, వంటిల్లు, కొర్లగుంట, తిరుపతి.

విషయం: రాత్రి పదకొండు దాటాక మా ఇంట్లో లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నందుకు.

ఆర్యా,

పద్దెనిమిదేళ్ళుగా మా ఇంట్లో కాపురముంటున్నావు. నీ నడుము మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన ‘మేనమామ చదివింపులు’లో ఇప్పుడు ‘మేనమా’ ఒక్కటే మిగిలింది. తక్కినది నా బొటనవేలు అరగదీసింది. ఇన్నేళ్ళలో నేను ఏ డాక్టరు గడపా ఇన్నిసార్లు తొక్కలేదు.

మొన్నటి శనివారం సంగతి నీకు తెలిసిందే. తెలిసింది సగమే కాబట్టి మిగతా సగం ఇప్పుడు చెబుతున్నా. బస్టాండు దగ్గర లాడ్జిలో రిసెప్షన్ నాది. శనివారం, పైగా రద్దీ. ఏడుగురున్న కుటుంబం, అందరికీ కొత్త గుండ్లు, చెవుల వెనక ఇంకా చందనం. కొండ దిగి వచ్చేసరికి వాళ్ళ గది వేరేవాళ్ళకు పోయింది. ఇచ్చింది మా ఓనరే, ఫోనులో. కానీ కౌంటరు వెనక నిలబడింది నేను. ఆయన వచ్చి, అందరి ముందరా, “నీకు పొట్ట పెరిగినంతలో సగం బుర్ర పెరిగినా నా లాడ్జి బాగుపడేది” అన్నాడు. గుండు పిల్లలు పకపకా నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వే ఇంకా గొంతులో అడ్డం పడి ఉంది.

ఆ రోజు ఒక్కపొద్దు. పొద్దున కాఫీ తప్ప ఏమీ లేదు. రాత్రి ఇంటికొచ్చి రెండు ముద్దల సంగటి, అనపగింజల పులుసు, మళ్ళీ అడిగి మరీ వేయించుకుని తిన్నా. కడుపు నిండింది. ఈ మాట గట్టిగా రాస్తున్నా, రేపు నువ్వు ‘పాపం ఆకలితో వచ్చాడు’ అని తప్పించుకోకుండా. పదకొండూ నలభైకి నీ దగ్గరికి వచ్చినవాడికి ఆకలి లేదు.

నీ మూత తీయడం ఒక విద్య. తువ్వాలు కప్పి, నిన్ను ఛాతీకి ఆనించి పట్టుకుని, ఒక పక్క నుంచి మెల్లగా ఎత్తాలి. లేదంటే ‘టప్’మంటావు, ముందు గదిలో మా ఆవిడ పక్కకు దొర్లుతుంది. లైటు వేయను. ఫ్రిజ్ తలుపు నాలుగు వేళ్ళంత తెరిస్తే చాలు. మా అత్త పాకాల నుంచి పంపిన నిప్పట్లు. మొదటిది నిజంగా బాగుంది. చెనిక్కాయ బద్ద పంటికి తగిలింది, కరివేపాకు తగిలింది. ఆరో దానికి రుచి పోయింది. పదో దానికి ఉప్పుకు పెదవి మండుతోంది. చెయ్యి మాత్రం తన డ్యూటీలో తాను ఉంది, నోటికి ఇంకా పని ఉండగానే తర్వాతిది పట్టుకుని సిద్ధంగా. మొత్తం పద్నాలుగు. తర్వాత నేల మీది పొడిని తడివేలితో అద్ది అదీ తిన్నా. సాక్ష్యం మిగలకూడదు కదా.

రుచి పోయినా చెయ్యి ఎందుకు ఆగలేదు? ఇన్నాళ్ళూ నా నోటిని తిట్టుకున్నా. పాపం దానికేం తెలుసు. మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంది. అది ఆనందమిచ్చే పదార్థమని టీవీలో చెబుతుంటారు. నిజానికి దాని పని ‘కావాలి, ఇంకా కావాలి’ అనిపించడం. ‘బాగుంది’ అనిపించే ఖాతా వేరు. ఆ రెండో ఖాతా ఆరో నిప్పట్టు దగ్గరే మూసేశారు, మొదటిది మాత్రం అర్ధరాత్రి దాకా తెరిచే పెట్టారు. ఈ లొసుగు మీదే నీ వ్యాపారమంతా నడుస్తోంది.

ఇక బ్రేకు సంగతి. నుదుటి వెనక, మనం నామం దిద్దుకునే చోటుకు సరిగ్గా లోపల, ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ ఉంటుంది. ‘చాలు, మూత పెట్టు’ అనాల్సింది అదే. ఇంకాస్త లోపల బాదంగింజంత అమిగ్డలా ఉంటుంది. అవమానమో భయమో తగలగానే గంట కొట్టేది అది. గంట ఆపకుండా మోగుతుంటే నుదుటి వెనక మేనేజరు మాట ఎవరికీ వినబడదు. రద్దీ రోజు మా కౌంటరు దగ్గర జరిగేదీ ఇదే కదా. పైగా అవమానపడిన ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను చాలాసేపు తిరుగుతూ నూనె వైపు, తీపి వైపు ఈడుస్తుంది. ఏ తలుపుకు గడియ లేదో చూసుకుని వచ్చే దొంగలా నువ్వు సరిగ్గా ఆ వేళకే కనబడతావు. తిరుపతిలో ఉంటూ, నామం పెట్టుకునే చోటికే నామం పెట్టడం నీకే చెల్లింది.

నీ వైద్యం అసలు పని చేస్తుందా అంటే, కాసేపు చేస్తుంది. ఆ పద్నాలుగూ తింటున్నంతసేపు నాకు ఓనరు లేడు, గుండు పిల్లలు లేరు, నేనూ లేను. ఉన్నదల్లా కరకర శబ్దం. హెదర్టన్, బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1991లో చెప్పింది ఇదే. మనిషి తన గురించిన తలపు భరించలేక, చూపును కళ్ళ ముందున్న ముద్దంత మేరకు కుదించుకుని, తన నుంచి తాను పారిపోతాడట. పారిపోవడం వరకూ సరే, తిరుగు బస్సు మాటేమిటి? మనసు ఎప్పుడెట్లా ఉందో ఉన్నచోటనే రాయించుకుని చేసిన 36 అధ్యయనాలను 2011లో కలిపి చూశారు. ఇలా అదుపు తప్పి తినబోయే ముందు మనసు దిగులుగా ఉంటుందని తేలింది, అది మా వీధి కుక్కకూ తెలుసు. తిన్నాక ఇంకా కిందికి దిగుతుందనీ తేలింది. మందు వేసుకున్నాక రోగం పెరిగితే దాన్ని మందు అంటారా? నీ సంజాయిషీ ముఖ్యంగా దీని మీదే కావాలి.

నిన్నొక్కడినే బోనెక్కించడం న్యాయం కాదనుకో. నీకు పేషెంట్లను పంపే ఏజెంట్లు ఊరంతా ఉన్నారు. ‘నోరు కట్టుకో’ అనేవాళ్ళు. మా బావమరిది వాళ్ళలో ముఖ్యుడు. ‘రాత్రి తినబాకు బావా, పొద్దున్నే అలిపిరి మెట్లెక్కు’ అన్నాడు. 3550 మెట్లూ ఎక్కాను. స్వామి దర్శనమైంది, మోకాళ్ళు పట్టేశాయి, దిగొచ్చాక చూస్తే ఓనరు అదే ఓనరు. రాత్రి తినబాకన్నాడని రెండు వారాలు రాత్రి కూడు మానేశా. ఆ రెండు వారాల్లో నువ్వు మూడుసార్లు ఖాళీ అయ్యావు. 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నెలల తరబడి అరకడుపు తిండి పెట్టి చూశారు. తర్వాత కావలసినంత తినండని వదిలితే, వాళ్ళలో కొందరు పొట్ట పగిలేలా తిన్నా తృప్తి పడలేకపోయారు. వాళ్ళకు ఓనరు లేడు, మిన్నెసోటాలో నిప్పట్లూ లేవు. కట్టిన నోరు తెగినప్పుడు అంతే. (ఒక్కపొద్దును నేనేమీ అనడం లేదు. అది స్వామికీ నాకూ మధ్య సంగతి. నేను అంటున్నది బావమరిదిని.)

దీనికో పేరుందని ఈ మధ్యే తెలిసింది. బింజ్ ఈటింగ్ డిజార్డర్. అమెరికా మానసిక వైద్యులు 2013లో దీన్ని విడిగా ఒక జబ్బు కింద రాశారు. వారానికి ఒక్కసారైనా, మూడు నెలల పాటు, చెయ్యి తన అదుపులో లేకుండా తినడం, దాచుకుని తినడం, తిన్నాక తన మీద తనకే రోత పుట్టడం. సన్నగా ఉన్నవాళ్ళకూ వస్తుందట. ఆ మాట విన్నప్పుడు నాకు బాధ వేయలేదు, కాస్త ఊపిరాడింది. పద్దెనిమిదేళ్ళు ‘తిండిపోతు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు కదా అందరూ, నాతో సహా.

14416కి ఫోను చేశా. టెలిమానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులడగరు, తెలుగులోనే మాట్లాడతారు. అక్కణ్ణుంచి ఒక కౌన్సెలరమ్మ దగ్గరికి చేరా. నిన్ను అటకెక్కించమంటుందని అనుకున్నా. మా ఆవిడ సిఫార్సూ అదే. ఆమె వద్దంది. వేళకు తినమంది, మధ్యాహ్నం కౌంటరు వెనకే అయినా సరే. నీ మూత తీసే ముందు ఆ రోజు ఏం జరిగిందో ఒక్క ముక్క రాయమంది. అప్పట్నుంచి నీ మూత లోపల ఒక చీటీ అతికించి ఉంది, చూసే ఉంటావు. మొదటి వారం: ఓనరు. ఓనరు. బావమరిది ఫోను. ఏమీ లేదు, ఊరికే. ఓనరు.

ఆ ‘ఊరికే’ దగ్గర కౌన్సెలరమ్మ వేలు పెట్టి ఆగింది. నేను మాట మార్చాను.

నిన్న రాత్రి తువ్వాలు జారింది. ‘టప్’మన్నావు. మా ఆవిడ లేచొచ్చింది, లైటు వేసింది. దొరికిపోయానని నిప్పట్టు వెనక దాచా, నలభై రెండేళ్ళ మనిషిని. ఆమె నీవైపు చూడనేలేదు. కింద కూర్చుని, “ఆయప్ప ఏమన్నాడు ఈరోజు?” అంది. చెప్పా. గుండు పిల్లల సంగతితో సహా మొత్తం చెప్పా. రెండు నిప్పట్లు ఆమె తింది, మూడు నేను. ఇంతటితో నీ క్లినిక్ మూతపడిందని సంబరపడబాకు అని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు, రేపు మళ్ళీ శనివారం.

కాబట్టి ఈ నోటీసు అందిన ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను.

ఇట్లు,
మీ పాత పేషెంటు

తా.క.: పైన పద్నాలుగు అని రాశాను. పదిహేడు.