‘బాయికాడికి పంపితే చాలు’ అనే ఫార్వర్డ్‌కు జవాబు

నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడుగాటి మెసేజ్ తిరుగుతోంది. ఫోన్ గేమ్‌లకు విపరీతంగా అలవాటు పడ్డ పెద్దవాళ్ళకు వీడియో కాల్‌లో వ్యాయామం చేయించడం పచ్చి మోసమని దాని సారాంశం. గేమ్ పిచ్చి పిల్లల జబ్బు, ముప్పై ఏళ్ళవాడికి ఉన్నది ఒట్టి బద్ధకం అంటుంది. ఫోన్ మానాల్సినవాడికి ఫోన్‌లోనే ఎక్సర్‌సైజ్ చెప్పడమంటే తాగుబోతుకు బెల్టు షాపులో కొలువు ఇచ్చినట్టే అంటుంది. ఎక్కడో కూర్చున్న ట్రైనర్‌కు ఏం కనపడుతుంది, గుండె ఆగితే ఎవరు దిక్కు అని అడుగుతుంది. చివర్లో మందు కూడా రాసింది: 21 రోజులు బాయికాడికి, అంటే పొలం పనికి పంపండి, మెదడులో పేరుకున్న డోపమైన్ అనే రసాయనం చెమటతో పాటు పోతుంది.

నేను ఫిజియోథెరపిస్టును. మెడ పట్టేసి, బొటనవేలి మొదట్లో నొప్పితో వచ్చే గేమర్లు నాకు కొత్త కాదు. వాళ్ళలో పెళ్ళయి పిల్లలున్నవాళ్ళూ ఉంటారు. అందుకే ఈ మెసేజ్‌ను ఊరికే డిలీట్ చేయబుద్ధి కాలేదు.

మొదట ‘పిల్లల జబ్బు’ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది. దానికి వయసు హద్దు పెట్టలేదు. రోజుకు ఇన్ని గంటలు ఆడితే జబ్బు అనే లెక్కా లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళకు కనపడుతున్నా ఆపకపోవడం చూస్తారు. ఇవి ఇంటినీ కొలువునూ గట్టిగా దెబ్బతీస్తూ, మామూలుగా ఏడాదిపాటు సాగితేనే ఆ పేరు పెడతారు. పోలేపల్లి సెజ్‌లో షిఫ్ట్ దిగి వచ్చి ఒక గంట ఆడుకునే మనిషికి ఈ జబ్బు అంటగట్టడం తప్పు. డ్యూటీకి నాగాలు పెడుతూ, భార్యతో రోజూ గొడవ పడుతూ, తెల్లవారుజాము దాకా ఆడేవాణ్ని బద్ధకస్తుడు అని వదిలేయడమూ తప్పే. నిజానికి తెల్లారేదాకా మేలుకొని, ఒక్క మ్యాచ్ కూడా పోనివ్వకుండా ఆడేవాడిలో బద్ధకం ఎక్కడుంది?

బెల్టు షాపు మాటకు వద్దాం. నేను కొట్టిపారేయలేని మాట ఇదే. అయితే మెసేజ్ రాసినాయన సెషన్ ఎలా నడుస్తుందో చూసినట్టు లేదు. ఫోన్ చేతిలో ఉండదు. ఆరేడు అడుగుల దూరంలో స్టూల్ మీద, మనిషి తల నుంచి పాదాల దాకా కనపడేలా పెడతారు. నోటిఫికేషన్లు ఆపేస్తారు. ఆ నలభై నిమిషాలు రెండు చేతులూ ఖాళీ. అసలు చిక్కు సెషన్ అయిపోయాక వస్తుంది. చెమట తుడుచుకుంటూ ఫోన్ అందుకుంటాడు, అందులో దోస్తులు ఆట జట్టు (స్క్వాడ్)లోకి పిలుస్తూ ఉంటారు. అందుకే వీలైతే ఇంట్లో ఇంకొకరి ఫోన్ మీదో టీవీ మీదో కాల్ పెట్టమంటాం, సెషన్ అవగానే స్నానం, అన్నం ఉండేలా చూసుకోమంటాం.

సెషన్ వేళ కూడా ఊరికే పెట్టేది కాదు. రాత్రి పదికి ఆట మొదలయ్యేవాడికి పొద్దున ఆరింటికి కాల్ ఉంటే, ముందు రాత్రే పడుకోవాల్సిన అవసరం పుడుతుంది. అంత పొద్దున లేవలేనివాడికి సాయంత్రం ఏడింటికి పెట్టొచ్చు. పడుకునే ముందు గంటలో మాత్రం గట్టి వ్యాయామం వద్దు, నిద్ర చెడిపోవచ్చు. మే నెలలో మన స్లాబు ఇళ్ళు సాయంత్రం కూడా సెగలు కక్కుతుంటాయి కాబట్టి ఎండాకాలం పొద్దునే నయం.

ఇక దూరం నుంచి ఏం కనపడుతుందన్న ప్రశ్న. చాలానే కనపడుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలడో లెక్కపెట్టొచ్చు. మోకాళ్ళు లోపలికి వంగుతున్నాయా, నడుము గూని పడుతోందా తెలుస్తుంది. దమ్ము ఎంత వస్తోందో మాట్లాడిస్తే తెలుస్తుంది: వాక్యం పూర్తిగా చెప్పగలుగుతూ పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ వ్యాయామం, రెండు మూడు మాటలకే ఆగి ఊపిరి తీసుకుంటే తీవ్రమైనది. గుండె జబ్బు వచ్చి తగ్గినవాళ్ళకు చేయించే వ్యాయామాన్ని ఇంట్లో నేర్పినా కేంద్రంలో నేర్పినా ఫలితాలు దాదాపు సమానంగా ఉన్నాయని, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సమీక్షలు చెప్పాయి. ఊపిరితిత్తుల జబ్బులవాళ్ళకు దూరం నుంచి చేయించే రిహాబిలిటేషన్ మీదా ఇలాంటి ఫలితాలే ఉన్నాయి.

గుండె భయం మాత్రం ఉత్త భయం కాదు. దానికి జవాబు మొదటి కాల్‌లోనే ఉండాలి. ఛాతీలో నొప్పి వస్తుందా, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డారా, బీపీ, షుగర్ ఉన్నాయా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవాళ్ళున్నారా అని అడగాలి. ఒక్కదానికి అవును అన్నా ముందు డాక్టర్ దగ్గరికి పంపాలి. ఇంటి అడ్రస్, ఆ టైంలో ఇంట్లో ఉండే ఇంకొకరి నంబర్ రాసుకోవాలి, 108కి ఎవరు ఫోన్ చేస్తారో ముందే అనుకోవాలి. రాత్రంతా ఎనర్జీ డ్రింక్‌లతో మేలుకుని పొద్దున కాల్‌లోకి వచ్చినవాడి చేత ఆ రోజు గెంతులు వేయించకూడదు.

మన నల్లగొండ జిల్లాకు ఇంకో ప్రశ్న కలపాలి: చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారు? మర్రిగూడ, మునుగోడు వైపు మిషన్ భగీరథ నీళ్ళు రాకముందు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళతో పెరిగిన నలభై ఏళ్ళ మనిషి నడుము వంగకపోతే, అది కూర్చుని కూర్చుని వచ్చిన బిగుతో, ఎముకల్లో చేరిన ఫ్లోరైడో వీడియోలో తేలదు. దానికి ఎక్స్‌రే కావాలి. వంగి కాలివేళ్ళు ముట్టుకో అని కాల్‌లో బలవంతపెట్టే ట్రైనర్ అలాంటి మనిషికి మేలు చేయడు. ఇక్కడ దూరం నిజంగానే ఒక లోపం. చేయి వేసి సరిచేసే వీలూ ఉండదు.

బాయికాడి వైద్యం గురించి నాకు కాస్త నవ్వొచ్చింది. జడ్చర్లలో కిరాయి గదిలో ఉండేవాడికి బాయి ఎక్కడిది? ఉన్నవాడికైనా దున్నడానికి ట్రాక్టర్, కోతకు హార్వెస్టర్, మోటరుకు ఫోన్‌తో నడిచే స్టార్టర్. నాట్లు, కలుపు ఎక్కువగా ఆడవాళ్ళ నడుముల మీదే నడుస్తాయి. గట్టు మీద వేపచెట్టు కింద నెట్ కూడా బాగానే వస్తుంది. పొలం పని మంచి శ్రమే, కాదనను. కానీ ఏడాదంతా కూర్చున్నవాణ్ని ఒక్కసారిగా ఎండలోకి తోస్తే వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం అని 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అక్కడికి మెల్లగా చేరాలి, పంట సీజన్ అయిపోయాక కూడా సాగాలి.

డోపమైన్ చెమటలో పోయే మురికి కాదు. గేమ్ ఆడేటప్పుడు మెదడులో అది విడుదలవుతుందని 1998లో లండన్‌లో ఎనిమిది మంది మగవాళ్ళ మీద చేసిన స్కానింగ్ అధ్యయనం చూపింది. ఇష్టమైన తిండి మీదికి మనసు లాగడంలోనూ దానికి పాత్ర ఉంది. 21 రోజుల లెక్క 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లను చూసి రాసిన మాట నుంచి పాకింది. 2009లో లండన్ పరిశోధకులు కొత్త అలవాటు కుదరడానికి పట్టే కాలం కొలిస్తే 18 నుంచి 254 రోజుల దాకా తేలింది, అందులో మధ్య విలువ 66 రోజులు.

కొత్త మోజు ఎంత త్వరగా పోతుందో, బయట నడుస్తూ ఆడే ఫోన్ గేమ్ పోకెమాన్ గో చూపించింది. అది వచ్చిన 2016లో అమెరికాలో ఆడినవాళ్ళ నడక మొదటి వారం రోజుకు దాదాపు 955 అడుగులు పెరిగింది, ఆరో వారానికి మళ్ళీ పాత లెక్కకే వచ్చింది. వీడియో కాల్ వ్యాయామంలో నాకు నచ్చేది అందుకే స్క్రీన్ కాదు, దాని అవతల ఉన్న మనిషి. ఆరో వారంలో ‘అన్నా, నిన్న ఎందుకు రాలేదు’ అని అడిగేవాడు యాప్‌లో ఉండడు, బాయికాడా ఉండడు.

ఇంతమాత్రాన వ్యాయామం గేమ్ అలవాటును మాన్పిస్తుందని నేను అనను. దీని మీద చైనా, కొరియాల్లో ఎక్కువగా కాలేజీ విద్యార్థులతో పరిశోధనలు జరిగాయి. ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నా చాలావరకు చిన్నవి, కొలత కూడా వాళ్ళు నింపిన ప్రశ్నపత్రాలే. ఆలోచననూ అలవాటునూ మార్చే సీబీటీ కౌన్సెలింగ్‌కే ఇప్పటికి ఎక్కువ ఆధారం ఉంది. వ్యాయామం దాని పక్కన నిలబడాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి అలవాట్ల కోసం 2014 నుంచి ‘షట్’ క్లినిక్ నడుస్తోంది. అంత దూరం పోలేనివాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటిలో అప్పులైనవాళ్ళు ముందు అక్కడికే ఫోన్ చేయాలి, వాళ్ళ సంగతి వేరు.

మోసం అన్న మాట మిగిలింది. ఉంది. ‘డోపమైన్ డిటాక్స్’ అని ముందే డబ్బు కట్టించుకుని రికార్డు చేసిన వీడియోలు పంపేవాళ్ళున్నారు. దాన్ని పర్యవేక్షణ అనరు. కట్టే ముందు అడగండి: కాల్‌లో మనిషి లైవ్‌గా ఉంటాడా, ఆయన ఏం చదివాడు, ఒక్కో కాల్‌లో ఎంతమందిని చూస్తాడు, మానేస్తే ఫోన్ చేస్తాడా. మొదటి కాల్‌లో బీపీ గురించి అడగకుండానే జంపింగ్ జాక్స్ మొదలుపెట్టిస్తే అక్కడే కాల్ కట్ చేయండి.