లేజర్ తుపాకీ కల్పితమే, దాని ముందు వేసే ఎత్తుగడ మాత్రం కాదు

సైన్స్ ఫిక్షన్ యుద్ధ గేముల మీద ఒక వాదన తెగ షేర్ అవుతోంది. క్లుప్తంగా చెప్తే ఇదీ సంగతి: ఏలియన్లు, ఎనర్జీ షీల్డులు ఉన్న చోట రియలిజం గురించి మాట్లాడటమే అనవసరం, ఆ గేముల్లో టాక్టిక్స్ అంటే వేళ్ల వేగం తప్ప ఏమీ లేదు, భవిష్యత్తు ఆయుధాలున్నప్పుడు గోడ చాటున దాక్కోవడంలో అర్థం లేదు, అంతరిక్ష యుద్ధాలంటారా, అవి పాత విమాన యుద్ధాలకే నల్లటి ఆకాశం తగిలించినవి, పైగా కంప్యూటర్ మోసం చేస్తుంది, కాబట్టి నిజమైన ఎత్తుగడలు కావాలంటే మిలిటరీ సిమ్యులేటర్ ఆడండి. ఇందులో అంతరిక్షం గురించి చెప్పింది సగం నిజం. మిగతా వాటితో నేను అస్సలు ఒప్పుకోను. ఈ గేముల మీద ఏళ్ల తరబడి రాత్రులు గడిపినవాణ్ణి కాబట్టి ఒక్కో మాటకీ విడిగా జవాబు చెప్తాను.

మొదటిది, కల్పితం కాబట్టి రియలిజం అనవసరం అనడం. ఇక్కడ రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. వస్తువు నిజంగా ఉందా అన్నది ఒకటి, ఆ వస్తువు ఉన్న ప్రపంచంలో మనుషులు నమ్మేలా ప్రవర్తిస్తున్నారా అన్నది ఇంకొకటి. ప్లాస్మా తుపాకీ ఎక్కడా లేదు, నిజమే. కానీ అది పది సార్లు కాల్చాక వేడెక్కి ఆగిపోతుందని గేము ఒకసారి చెప్పిందనుకోండి, ఇక శత్రువు తుపాకీ చల్లారేదాకా నాకు రెండు మూడు సెకన్లు దొరుకుతాయి, ఆ కొద్ది సమయంలో నేను చాటు మారాలి. అక్కడ నేను ఆలోచించేదీ, అవతలివాడు రీలోడ్ చేసుకుంటున్నాడని తెలిసిన మామూలు సైనికుడు ఆలోచించేదీ ఒకటే. దూరం, సమయం, ఎవరికి ఏం కనిపిస్తోంది, ఎవరి దగ్గర ఎంత మందుగుండు ఉంది, వెనక్కి దారి ఉందా లేదా - ఎత్తుగడ పుట్టేది వీటిలోంచి. ఆయుధానికి ఏ పేరు పెట్టినా ఇవి మారవు. తను చెప్పిన నియమాన్ని తనే తప్పితే అప్పుడు ఆ గేముని తిట్టండి, నేనూ మీతో కలుస్తాను.

రెండోది, వేళ్ల వేగం ఒక్కటే చాలు అన్నది. ఇది చెప్పినవాళ్లు 2012 నాటి ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్ ఒక్క మిషన్ అయినా ఆడి ఉంటారని నాకు అనిపించదు, ఎందుకంటే అది ఏలియన్లతో పోరాడుతూ వంతుల వారీగా సాగే గేమ్, మీరు ఒక్క అడుగు వేసే ముందు గంటసేపు ఆలోచించుకున్నా ఎవరూ ఏమీ అనరు. అందులో నడుము ఎత్తు చాటు వెనకుంటే శత్రువు గురి, అంటే దెబ్బ తగిలే అవకాశం, వందలో 20 పాయింట్లు తగ్గుతుంది, నిలువెత్తు చాటు వెనకుంటే 40 తగ్గుతుంది. అదే శత్రువు పక్క నుంచి, అంటే మీ చాటు అడ్డురాని కోణం నుంచి వచ్చాడా, ఆ రక్షణ మొత్తం సున్నా అవుతుంది, గట్టి దెబ్బ తగిలే అవకాశం కూడా బాగా పెరుగుతుంది. ఈ ఒక్క నియమం నుంచి ఎంత పుడుతుందో చూడండి. ఒకడు ఎడతెగకుండా కాల్చి శత్రువుని తల ఎత్తనివ్వడు, అలా అణిగినవాడి గురి 30 పడిపోతుంది, కదిలాడంటే వెంటనే గుండు. ఆలోపు ఇంకొకడు పక్కకి తిరిగి వెళ్తాడు. మూడోవాడు ఓవర్‌వాచ్‌లో, అంటే ఎవరు కదిలితే వాళ్లని కాల్చడానికి సిద్ధంగా కూర్చుంటాడు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి పదాతి దళాలకు నేర్పుతున్న పాఠం సరిగ్గా ఇదే, సగం మంది కాలుస్తుంటే సగం మంది కదలడం. ఓవర్‌వాచ్ అనే మాట కూడా సైన్యం నుంచి వచ్చిందే.

నేను మొదటిసారి ఆడినప్పుడు నలుగురినీ ఒకే ట్రక్కు వెనక పెట్టాను. పెద్ద చాటు కదా అనుకున్నాను. ఒక్క గ్రెనేడ్‌తో ట్రక్కుకి మంటలంటుకున్నాయి, తర్వాతి వంతుకి అది పేలింది, ఇద్దరు అక్కడే పోయారు, మిగిలిన ఇద్దరు బయలు ప్రదేశంలో నిలబడిపోయారు. దగ్గర దగ్గరగా గుంపు కట్టొద్దని సైన్యంలో ఎందుకు అంటారో నాకు ఆ రోజు అర్థమైంది. అది నేర్పింది ఏలియన్ గేమే.

వేగంగా ఆడే గేముల సంగతి చూసినా ఈ మాట నిలబడదు. 2001లో వచ్చిన హేలో: కంబాట్ ఎవాల్వ్డ్‌లో చేతిలో రెండే ఆయుధాలు ఉండనిస్తారు. ప్లాస్మా పిస్టల్‌ని పూర్తిగా చార్జ్ చేసి కొడితే షీల్డ్ ఒక్కసారిగా పోతుంది, కానీ ఒంటికి పెద్దగా ఏమీ కాదు. మామూలు తుపాకీ ఒంటి మీద బాగా పనిచేస్తుంది, షీల్డ్ మీద తక్కువ. కాబట్టి ఏ రెండు తీసుకెళ్లాలి అన్నది గది తలుపు తెరవకముందే తేల్చుకోవాలి. ఎలీట్ అనే నాయకుడు చచ్చిపోతే చుట్టూ ఉన్న గ్రంట్లు, అంటే చిన్న ఏలియన్ సైనికులు, భయపడి పారిపోతాయి. అంటే ముందు ఎవరిని కాల్చాలి అన్నదే సగం పోరాటం. షీల్డ్ మళ్లీ నిండడానికి కొన్ని సెకన్లు దెబ్బ తగలకుండా ఉండాలి, అందుకని వెనక్కి తగ్గే దారి చూసుకోకుండా ముందుకు దూకినవాడు, ఎంత వేగంగా గురిపెట్టగలవాడైనా, హయ్యర్ డిఫికల్టీలో అక్కడే పడిపోతాడు.

మూడోది, భవిష్యత్తు ఆయుధాల ముందు చాటు దేనికి అన్న ప్రశ్న. గోడని చీల్చే ఆయుధం వస్తే చాటు అక్కర్లేదని కాదు, చాటుకు అర్థం మారుతుంది. గుండుని ఆపేది వేరు, కంటికి కనబడకుండా చేసేది వేరు. పొదలు గుండుని ఆపలేవు, అయినా సైనికుడు పొదల్లోకే పాకుతాడు, ఎందుకంటే ఎక్కడున్నాడో తెలియనివాణ్ణి కాల్చడం కష్టం. 1994 నాటి మొదటి ఎక్స్‌కామ్‌లోనే, ఆ పిక్సెల్ బొమ్మల కాలంలోనే, గోడలు కూలేవి, పొగ గ్రెనేడ్ వేసుకుని దిగకపోతే విమానం నుంచి బయట అడుగు పెట్టిన మొదటివాడు తిరిగొచ్చేవాడు కాదు. ఆయుధం ఎంత బలమైనదైతే కనబడకుండా ఉండటం అంత ముఖ్యమవుతుంది. ఈ వాదన దీన్ని తలకిందులు చేసి చెప్తోంది.

నాలుగోది అంతరిక్షం. ఇక్కడ కొంత ఒప్పుకుంటాను. చాలా గేముల్లో ఓడలు గాలిలో మలుపు తిరిగినట్టు తిరుగుతాయి, ఇంజన్ ఆపితే ఆగిపోతాయి, శూన్యంలో పేలుడు చప్పుడు వినిపిస్తుంది. అది ఫిజిక్స్ కాదు. కానీ ఈ రంగంలో ఎవరూ ప్రయత్నించలేదన్నట్టు మాట్లాడటం అన్యాయం. 1993లోనే ఫ్రాంటియర్: ఎలీట్ 2 న్యూటన్ సూత్రాలతో ఓడలను నడిపించింది. ఫలితం ఏమిటంటే రెండు ఓడలూ విపరీతమైన వేగంతో ఒకదాన్ని ఒకటి దాటిపోయేవి, మళ్లీ ఎదురెదురు రావడానికి బోలెడు సమయం పట్టేది, చాలామందికి విసుగొచ్చింది. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది విమానాల పద్ధతికి మళ్లడం వెనక తెలివి తక్కువతనం లేదు, ఆడేవాళ్ల కోసం తెలిసే చేసుకున్న ఎంపిక అది.

ఇక 2016లో వచ్చిన చిల్డ్రన్ ఆఫ్ ఎ డెడ్ ఎర్త్ చూడండి. ఇది ఆడాక నా బుర్రలో అంతరిక్ష యుద్ధం బొమ్మే మారిపోయింది. కక్ష్యలు, ఇంధనం, ద్రవ్యరాశి, వేడి, అన్నీ లెక్క ప్రకారమే. ముఖ్యంగా వేడి. శూన్యంలో గాలి లేదు కాబట్టి వేడిని మోసుకుపోయేది ఏదీ ఉండదు, రేడియేటర్ల నుంచి కిరణాల రూపంలో పంపేయడం ఒక్కటే దారి. ఇప్పుడు భూమి చుట్టూ తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా అమ్మోనియా ప్రవహించే పెద్ద రేడియేటర్ పలకలు ఉన్నది ఇందుకే. యుద్ధ నౌకకి అణు రియాక్టర్ ఉంటే దాని రేడియేటర్లు వెడల్పుగా, ఎర్రగా కాలుతూ బయటికి పొడుచుకుని ఉంటాయి, శత్రువు వాటినే గురి పెడతాడు. రేడియేటర్ పోతే రియాక్టర్ ఆపాలి, రియాక్టర్ ఆగితే లేజర్ లేదు. పైగా చుట్టూ ఉన్న ఆకాశం దాదాపు 3 కెల్విన్ల, అంటే సున్నాకి 270 సెల్సియస్ డిగ్రీల కింద చలిలో ఉంటుంది, అంత చల్లటి నేపథ్యంలో వేడిగా వెలుగుతున్న ఓడ దాక్కోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. చాటు లేని యుద్ధం అది, నేల మీద నేర్చుకున్నవన్నీ మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి.

లేజర్ గురి తప్పదు, కాంతి వేగంతో పోతుంది కదా అంటారు. భూమి నుంచి చంద్రుడంత దూరంలో ఉన్న ఓడని కాల్చారనుకోండి. మీకు కనిపించేది 1.3 సెకన్ల కిందటి ఓడ, మీ లేజర్ చేరడానికి ఇంకో 1.3 సెకన్లు. ఆలోపు ఆ ఓడ 1 జీ (భూమి మీద కింద పడే వస్తువుకి ఉండేంత) త్వరణంతో పక్కకి జరిగితే మీ గురి 30 మీటర్లకు పైగా తప్పుతుంది. దగ్గరికి వెళ్తే గురి కుదురుతుంది, కానీ అవతలివాడి గురీ కుదురుతుంది. ఇక సెకనుకి 3 కిలోమీటర్ల వేగంతో తగిలే కిలో బరువున్న లోహపు ముక్కలో కిలో టీఎన్‌టీకి మించిన శక్తి ఉంటుంది, దానికి పేలుడు మందు కూడా అక్కర్లేదు. ఇలాంటి లెక్కల మధ్య ఎంత దూరంలో నిలబడాలి, ఇంధనం ఎంత ఖర్చు పెట్టాలి అని తేల్చుకోవడం టాక్టిక్స్ కాకపోతే మరేమిటి?

ఫిజిక్స్ అంత ఖచ్చితంగా లేని చోట కూడా ఎత్తుగడ ఉంటుంది. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష గేములో పెద్ద ఓడ ఫిరంగులు నెమ్మదిగా తిరుగుతాయి, దాని దగ్గరగా చుట్టూ వేగంగా తిరిగే చిన్న ఓడని అవి అందుకోలేవు. 2014 జనవరిలో అందులో జరిగిన బీ-ఆర్‌5ఆర్‌బీ యుద్ధం దాదాపు 21 గంటలు సాగింది, అందులోని అతి పెద్ద ఓడలైన టైటన్లు 75 నాశనమయ్యాయి. అది మొదలవడానికి కారణం ఒక స్థావరం మీద హక్కు కోసం కట్టాల్సిన బిల్లు కట్టకపోవడం. లాజిస్టిక్స్‌లో ఒక చిన్న తప్పు ఇంత దూరం తీసుకెళ్లింది, నిజమైన యుద్ధ చరిత్రలో ఇలాంటివి ఎన్ని లేవు!

సంఖ్యాబలం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1916లో లాంచెస్టర్ అనే ఇంజనీర్ రాసిన లెక్క ప్రకారం, దూరం నుంచి కాల్చుకునే పోరులో బలం సంఖ్యకి వర్గంగా పెరుగుతుంది, అంటే సంఖ్య రెండింతలైతే బలం నాలుగింతలు. సమానమైన 10 మంది 5 మందితో తలపడితే ఆ 10 మందిలో సుమారు 8 లేదా 9 మంది మిగులుతారు. స్టార్‌క్రాఫ్ట్ అనే సైన్యాలు నడిపే గేము ఆడేవాళ్లు శత్రువుని ముక్కలుగా విడగొట్టి ఒక్కో గుంపునీ మొత్తం సైన్యంతో కొట్టేది ఇందుకే, ఈ సూత్రం పేరు వాళ్లలో చాలామంది విని ఉండకపోయినా.

ఐదోది, కంప్యూటర్ మోసం చేస్తుందన్న ఫిర్యాదు. 95 శాతం గురి ఉన్నా తప్పిందని కోపం. 95 శాతం అంటే ఇరవైలో ఒకటి తప్పుతుంది, ఒక మిషన్‌లో అలాంటివి నలభై కాలిస్తే రెండు తప్పడం మామూలే. ఎక్స్‌కామ్ 2 తేలిక స్థాయిల్లో అయితే వరసగా గురి తప్పినవాడికి లోపల్లోపల అదనపు సాయం కూడా చేస్తుంది, అంటే మోసం ఏదైనా ఉంటే అది మీ పక్షానే ఉంది. తప్పితే ఏం చేయాలో ముందే అనుకుని కాల్చేవాడికి ఈ కోపం రాదు.

చివరిది, నిజమైన ఎత్తుగడలు మిలిటరీ సిమ్యులేటర్లలోనే అన్నది. ఇలా అనేవాళ్లు ముందుగా చెప్పే పేరు ఆర్మా 3. ఆ గేము వచ్చింది 2013లో, కథ జరిగేది 2035లో. అందులోని కొన్ని ఆయుధాలు, వాహనాలు ఊహించి తయారు చేసినవే. అంటే రియలిజానికి కొలబద్దగా చూపిస్తున్నది కూడా రాబోయే కాలం గురించిన కల్పనే. నాకు ఆ గేమంటే చాలా ఇష్టం, దాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు.

అసలు సైన్యమే ఏం చేసిందో చూడండి. 1980లో వచ్చిన బ్యాటిల్‌జోన్, గీతలతో గీసిన ట్యాంకుల ఆర్కేడ్ గేమ్, దాన్ని మార్చి బ్రాడ్లీ అనే కవచ వాహనంలోని గన్నర్ల శిక్షణ కోసం ఒక రూపం తయారు చేయించుకుంది అమెరికా సైన్యం. 1990లలో అమెరికా మెరీన్లు డూమ్ 2ని తీసుకున్నారు, నరకం నుంచి వచ్చే రాక్షసుల గేమ్ అది. రాక్షసుల స్థానంలో సైనికుల్ని పెట్టారు, ప్లాస్మా తుపాకుల స్థానంలో తమ తుపాకుల్ని పెట్టారు, మెరీన్ డూమ్ అని పేరు పెట్టి నలుగురు నలుగురుగా కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు: ఒక లీడర్, ఒక ఆటోమేటిక్ రైఫిల్ పట్టుకున్నవాడు, ఇద్దరు రైఫిల్‌మెన్. ఒకరినొకరు ఎలా కాచుకోవాలో, ఎవరు ఎప్పుడు కదలాలో, మాట ఎలా అందించుకోవాలో వాళ్లు అందులోనే సాధన చేశారు.